ఆరు సీసాల సినాప్స్ యాంటీబాడీ ప్యాక్: సరుకు మంచిదే, కాగితంతోనే చిక్కు

5కి 3 నక్షత్రాలు ఇస్తున్నాను. సీసాల్లో ఉన్న సరుకు వరకే అయితే 4 ఇచ్చేదాన్ని, దాంతోపాటు వచ్చిన, ఎలా వాడాలో చెప్పే రెండు పేజీల కాగితానికి 1 కూడా ఎక్కువే, రెండూ కలిపి చూస్తే ఎటూ కాకుండా 3 దగ్గర ఆగింది.

కంపెనీ పేరు రాయడం లేదు. ఇలాంటి ప్యాక్‌లు అమ్మేవాళ్ళు చాలామందే ఉన్నారు, లోపల ఉండేవి కూడా అటూఇటుగా ఇవే, కాబట్టి నేను చెప్పేదాంట్లో చాలా భాగం మీరు ఎవరి దగ్గర కొన్నా పనికొస్తుంది. నాడీకణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే చోట, అంటే సినాప్స్‌లో, పనిచేసే ప్రోటీన్లని చూడాలనుకునేవాళ్ళకి, ఏ యాంటీబాడీ (ఒక ప్రోటీన్‌ని వెతికి పట్టుకునే అణువు) తీసుకోవాలో తెలియని దశలో, ఒక్కోటి పెద్ద సీసా కొనే బదులు ఆరు రకాలూ కొంచెం కొంచెం రుచి చూపించే ప్యాక్ ఇది. ఆలోచన చాలా బాగుంది. పెద్ద సీసా కొన్నాక పనిచేయకపోతే ఆ బాధ ఎలా ఉంటుందో ల్యాబ్‌లో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు.

లోపల ఉన్నవి: సినాప్టోఫైసిన్, సినాప్టోటాగ్మిన్-1, సింటాక్సిన్-1, స్నాప్-25, సినాప్టోబ్రెవిన్-2, పీఎస్‌డీ-95. వీటిలో నాలుగు చిట్టెలుక నుంచి వచ్చిన మోనోక్లోనల్స్ (అన్నీ ఒకే రకం యాంటీబాడీ), సినాప్టోబ్రెవిన్‌ది కుందేలు రీకాంబినెంట్ (జన్యువు పెట్టి కణాల్లో తయారు చేయించింది), సినాప్టోటాగ్మిన్‌ది కుందేలు పాలీక్లోనల్ (రక్తం నుంచి తీసిన చాలా రకాల మిశ్రమం). ఈ వివరం అట్ట మీద ఎక్కడా లేదు, లోపలి కాగితంలో చిన్న అక్షరాల్లో ఉంది. కొనేముందు తెలియాల్సిన మొదటి విషయమే ఇది, ఎందుకో తర్వాత చెప్తాను.

ఈ ఆరింటినే ఎందుకు ఎంచారో ముందు చూడాలి, అది తెలియకపోతే కాగితం మీద నా కోపం అర్థం కాదు. విద్యుత్ సంకేతం ఆక్సాన్ (నాడీకణం సంకేతం పంపే పొడవాటి తీగ) కొసకి చేరగానే అక్కడి ద్వారాలు తెరుచుకుని కాల్షియం లోపలికి వస్తుంది, అప్పటికే పొరని ఆనుకుని సిద్ధంగా ఉన్న వెసికిల్స్, ఒక్కొక్కటీ దాదాపు 40 నానోమీటర్ల బుడగ, కణ పొరతో కలిసిపోయి లోపలున్న రసాయనాన్ని బయటికి వదిలేస్తాయి, అదీ ఒక మిల్లీసెకను కూడా పట్టకుండా. ఆ కలయికని జరిపించేవి మూడు ప్రోటీన్లు. సినాప్టోబ్రెవిన్ వెసికిల్ మీద ఉంటుంది, సింటాక్సిన్, స్నాప్-25 కణ పొర వైపు ఉంటాయి. ఈ మూడూ కలిసి నాలుగు పాయల జడలా అల్లుకుంటాయి: సినాప్టోబ్రెవిన్‌ది ఒక పాయ, సింటాక్సిన్‌ది ఒక పాయ, స్నాప్-25ది రెండు పాయలు. అల్లిక బిగిసేకొద్దీ రెండు పొరలూ దగ్గరికొచ్చి ఒకటైపోతాయి. దీన్నే స్నేర్ కాంప్లెక్స్ అంటారు, దీని స్ఫటిక నిర్మాణం 1998లో వచ్చింది. కాల్షియం వచ్చిందన్న కబురు అందుకునేది సినాప్టోటాగ్మిన్-1. సినాప్టోఫైసిన్ వెసికిల్ పొరలో విరివిగా ఉండే ప్రోటీన్, దాని అసలు పని ఏమిటన్నది ఇంకా తేలలేదు గానీ గుర్తుగా మాత్రం అందరూ వాడతారు. పీఎస్‌డీ-95 ఇక అవతలి ఒడ్డుది, సంకేతం అందుకునే కణంలో గ్లూటమేట్ అనే సంకేత రసాయనాన్ని అందుకునే రిసెప్టర్లని కదలకుండా పట్టి ఉంచే ప్రోటీన్లలో ముఖ్యమైనది. కణాల్లో వెసికిల్స్ రవాణా ఎలా జరుగుతుందో తేల్చినందుకు 2013లో రాత్‌మన్, షెక్‌మన్, సుడాఫ్‌లకి నోబెల్ వచ్చింది, అందులో సుడాఫ్ వంతు పని చాలావరకు ఈ సినాప్స్ ప్రోటీన్ల మీదే.

చూశారుగా, ఆరూ ఆరు రకాలు. ఒకటి పొరలోంచి నాలుగుసార్లు అటూఇటూ దూరి వెళ్తుంది, ఒకటి అసలు పొరలోకి దూరదు, కొవ్వు ఆమ్లాల సాయంతో పొరకి అతుక్కుని ఉంటుంది, జెల్‌లో ఒకటి 18 కిలోడాల్టన్ల (ప్రోటీన్ బరువు కొలత) దగ్గర పరిగెడుతుంది, ఇంకొకటి 95 దగ్గర. కాగితం రాసినవాళ్ళు మాత్రం అన్నింటినీ ఒకే గాటన కట్టేశారు. బ్లాట్ అంటే ప్రోటీన్లని జెల్‌లో సైజు ప్రకారం వేరు చేసి, మెంబ్రేన్ మీదకి దించి (అదే ట్రాన్స్‌ఫర్), యాంటీబాడీతో బ్యాండ్లుగా చూడటం. దానికి ఆరింటికీ ఒకే శాంపిల్ తయారీ, ఒకే వేడి, ఒకే ట్రాన్స్‌ఫర్, లేన్‌కి ఒకే 20 మైక్రోగ్రాములు, యాంటీబాడీకి ఒకే 1:1000 పలచన.

ముందు వేడి సంగతి. శాంపిల్‌ని 70 డిగ్రీల్లో 10 నిమిషాలు ఉంచమని రాశారు. చాలా పొర ప్రోటీన్లకి అది మంచి సలహానే. కానీ పైన చెప్పిన జడ ఉంది చూడండి, అది మామూలు మొండిది కాదు, ప్రోటీన్లని విప్పేసే ఎస్‌డీఎస్ డిటర్జెంట్ పోసినా విడిపోదు, 70 డిగ్రీలకి అసలు చలించదు, నీళ్ళు మరిగే వేడి దగ్గరికి తీసుకెళ్తేనే పాయలు విడిపోతాయి. మా ల్యాబ్‌లో కొత్తగా చేరిన అబ్బాయి కాగితంలో ఉన్నది ఉన్నట్టు చేశాడు. సింటాక్సిన్ బ్లాట్ తెరిచి చూస్తే 35 దగ్గర ఉండాల్సిన బ్యాండ్ ఉంది గానీ బక్కచిక్కి ఉంది, దాని పైన 70 నుంచి మొదలై మెట్లు మెట్లుగా నల్లటి బ్యాండ్లు, జెల్ పై అంచు దాకా. "అక్కా, ఇది అన్నింటికీ అతుక్కుంటోంది, పారేద్దామా" అన్నాడు. అదే మెంబ్రేన్‌ని పాత యాంటీబాడీ పోయేలా కడిగి స్నాప్-25 పెట్టించాను, మళ్ళీ అవే మెట్లు అవే ఎత్తులో. సినాప్టోబ్రెవిన్ పెడితే కూడా అంతే. మూడు వేర్వేరు యాంటీబాడీలు ఒకే చోట బ్యాండ్ చూపిస్తున్నాయంటే అక్కడ ఆ మూడు ప్రోటీన్లూ కలిసి ఉన్నాయన్నమాట. తర్వాత అదే శాంపిల్‌ని సగం 95 డిగ్రీల్లో 5 నిమిషాలు పెట్టి, సగం అలాగే ఉంచి పక్కపక్క లేన్లలో నడిపాం. వేడి చేసిన లేన్‌లో మెట్లన్నీ మాయం, 35 దగ్గర దిట్టమైన ఒకే బ్యాండ్.

యాంటీబాడీ తప్పేమీ లేదు. నిజానికి జడని కూడా అంత శుభ్రంగా పట్టుకుందంటే మెచ్చుకోవాలి, స్నేర్ కాంప్లెక్స్ ఎంత ఏర్పడిందో కొలవాలనుకునేవాళ్ళు కావాలనే వేడి చేయకుండా నడుపుతారు. కానీ ఆ ముక్క కాగితంలో లేకపోతే కొత్తవాళ్ళు మంచి సీసాని చెత్తబుట్టలో పడేస్తారు. ఇంకా విడ్డూరం ఏమిటంటే కాగితం మీద వేసిన బొమ్మలో సింటాక్సిన్‌కి ఒక్కటే బ్యాండ్ ఉంది, అంటే బొమ్మ కోసం వాళ్ళు మరిగించారు, మనకి మాత్రం 70 చాలన్నారు.

అలాగని అన్నీ మరిగించేయమని నేను అనడం లేదు. ఈ ప్యాక్‌లో లేదు గానీ, మీరు దీంతోపాటు వెసికిల్‌లోకి గ్లూటమేట్‌ని ఎక్కించే వీగ్లూట్1 కూడా చూడాలనుకుంటే అదే శాంపిల్‌ని మరిగించారో, ఆ ప్రోటీన్ ముద్దకట్టి జెల్ బావి దగ్గరే కూర్చుంటుంది, కింద ఏమీ కనబడదు. పొరలోంచి చాలాసార్లు దూరి వెళ్ళే ప్రోటీన్లతో ఈ పేచీ మామూలే. శాంపిల్‌ని రెండు భాగాలు చేసి ఒకటి మరిగించి ఒకటి వేడి తగలకుండా ఉంచడం ఒక్కటే దారి. సినాప్టోఫైసిన్ నాలుగుసార్లు దూరేదే అయినా మా దగ్గర వేడికి పెద్దగా గొడవ చేయలేదు.

ట్రాన్స్‌ఫర్ సంగతి కూడా ఇంతే. 18 కిలోడాల్టన్ల సినాప్టోబ్రెవిన్‌ని, 95 ఉన్న పీఎస్‌డీ-95ని ఒకే మెంబ్రేన్ మీద ఒకే టైములో దించమంటే కుదరదు. చిన్నది 0.45 మైక్రోమీటర్ల రంధ్రాల్లోంచి అవతలికి జారిపోతుంది, పెద్దదానికి టైము చాలదు. 0.2 మెంబ్రేన్ వాడి, 4 నుంచి 20 శాతం గ్రేడియంట్ జెల్ నడిపితే రెండూ దక్కుతాయి. లేదంటే జెల్‌ని మధ్యకి కోసి పై సగం, కింద సగం వేర్వేరుగా చేసుకోవడమే.

20 మైక్రోగ్రాముల సలహా అయితే నవ్వొచ్చింది. సినాప్స్‌లో ఏ ప్రోటీన్ ఎన్ని ఉంటాయో లెక్కలు అందుబాటులో ఉన్నాయి. 2006లో వచ్చిన ఒక పేరున్న పరిశోధన ప్రకారం ఒక్క వెసికిల్ మీద సగటున 70 సినాప్టోబ్రెవిన్‌లు, 30 పైచిలుకు సినాప్టోఫైసిన్‌లు, 15 దాకా సినాప్టోటాగ్మిన్‌లు ఉంటాయి, అదే వెసికిల్‌లోకి ప్రోటాన్లు తోడే పంపు మాత్రం ఒకటో రెండో. 2014లో వచ్చిన ఇంకో లెక్క ప్రకారం ఒక సగటు సినాప్స్ కొసలో స్నేర్ ప్రోటీన్లు 20,000కి పైగా ఉంటే, వేరే పనులు చేసే కొన్ని ప్రోటీన్లు నూటయాభై దగ్గరే ఆగిపోతాయి. ఇంత తేడా ఉన్నప్పుడు అన్నింటికీ ఒకే మోతాదు ఏమిటి? 20 మైక్రోగ్రాముల మెదడు లైసేట్ (కణాలని కరిగించిన ద్రవం) వేస్తే స్నాప్-25 బ్యాండ్ నల్లగా పొంగిపోతుంది, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది, కానీ ఆ స్థితిలో ప్రోటీన్ సగం తగ్గినా బ్యాండ్ అంతే నల్లగా ఉంటుంది. వ్యాధి నమూనాలో స్నాప్-25 తగ్గిందా లేదా అని చూసేవాళ్ళకి ఇది ఎంత ప్రమాదమో ఆలోచించండి. 1, 2, 4, 8 మైక్రోగ్రాములు వరుసగా వేసి బ్యాండ్ కూడా అదే లెక్కలో పెరుగుతోందో లేదో చూసుకున్నాకే కొలతలు మొదలుపెట్టండి. మాకు స్నాప్-25కి 5 కూడా ఎక్కువే అయింది, పీఎస్‌డీ-95కి మాత్రం 20 సరిపోయింది.

స్నాప్-25 సీసా గురించి ఇంకో రెండు మాటలు, ఎందుకంటే డబ్బులు ఎక్కువ వృథా అయ్యేది ఇక్కడే. కంపెనీ వెబ్‌సైట్‌లో ఈ సీసా వాడకాల్లో "బొటులినం పరీక్షలకి అనుకూలం" అని రాశారు. బొటులినం విషం రకం ఎ స్నాప్-25ని కోస్తుంది, మొత్తం 206 అమైనో ఆమ్లాల్లో చివరి 9 తెగిపోతాయి, రకం ఇ అయితే 26 కోస్తుంది. ముఖం మీద ముడతలు పోవడానికి ఇచ్చే ఇంజెక్షన్ పనిచేసేది కూడా ఈ 9 అమైనో ఆమ్లాల కోత వల్లే, నరం కొస నుంచి కండరానికి సంకేతం ఆగిపోతుంది. సరే, ఇప్పుడు ఈ ప్యాక్‌లోని యాంటీబాడీ దేన్ని గుర్తుపడుతుందయ్యా అంటే, అదే చివరి కొసని. అంటే విషం కోసిన ప్రోటీన్ దీనికి అసలు కనబడదు. తెగినది ఎంత, తెగనిది ఎంత అని పక్కపక్కన చూడాలంటే మొదటి కొస వైపు గుర్తుపట్టే యాంటీబాడీ ఉండాలి, ఎస్ఎంఐ81 అనే పాత క్లోన్ అలాంటిదే, రెండింటినీ చూపిస్తుంది. దీంతో అయితే బ్యాండ్ తగ్గిందని మాత్రమే తెలుస్తుంది, తెగడం వల్ల తగ్గిందా, కణాలు చచ్చిపోవడం వల్ల తగ్గిందా, లోడింగ్ తేడా వల్ల తగ్గిందా అన్నది మీ ఊహకే వదిలేస్తుంది. పూర్తిగా పనికిరాదని అనను, తెగనిది ఎంత మిగిలిందో మాత్రమే చూస్తే చాలు అనుకునేవాళ్ళకి సరిపోతుంది. కానీ గుర్తుపట్టే చోటు ఏమిటో కాగితంలో రాయలేదు, మెయిల్ పెడితే తప్ప చెప్పలేదు.

ఇంకో చిక్కు: ఇది చిట్టెలుక యాంటీబాడీ, మీరు చూసేది కూడా చిట్టెలుక మెదడే అయితే, ఆ మెదడులో రక్తం మిగిలి ఉంటే, రక్తంలోని సొంత యాంటీబాడీలని కూడా సెకండరీ (మన యాంటీబాడీని, అంటే ప్రైమరీని, పట్టుకుని కనబడేలా చేసే రెండో యాంటీబాడీ) పట్టేసుకుంటుంది. అవి 50 దగ్గర, 25 దగ్గర కనబడతాయి. స్నాప్-25 పరిగెట్టేది ఎక్కడ? సరిగ్గా 25 దగ్గరే. మెదడు తీసేముందు సెలైన్‌తో రక్తం కడిగేసి, ప్రైమరీ లేకుండా సెకండరీ ఒక్కటే పెట్టిన లేన్ ఒకటి నడపండి, అక్కడ ఏమీ రాకపోతేనే మీ 25 బ్యాండ్‌ని నమ్మండి.

సినాప్టోటాగ్మిన్-1 సీసా నాకు అస్సలు నచ్చలేదు. 65 దగ్గర బ్యాండ్ వస్తుంది, ఒప్పుకుంటాను, దాంతోపాటు 50 దగ్గర ఒకటి, 100 పైన ఇంకోటి వస్తాయి, వాటి గురించి అడిగితే "ఐసోఫామ్‌లు అయి ఉండొచ్చు" అని, అంటే అదే ప్రోటీన్‌కి దగ్గరి రూపాలని, జవాబు. సినాప్టోటాగ్మిన్ కుటుంబంలో క్షీరదాల్లో 17 దాకా ఉన్నాయి కాబట్టి ఆ మాట కాదనలేం, కానీ అది రుజువూ కాదు. రుజువంటే ఆ జన్యువు తీసేసిన ఎలుక మెదడులో 65 బ్యాండ్ పోవాలి, మిగతావి ఏమవుతున్నాయో చూడాలి. సినాప్టోటాగ్మిన్-1 లేని ఎలుకలు పుట్టాక రెండు రోజులకి మించి బతకవు, కాబట్టి ఆ నమూనా దొరకడం కష్టమే, అయినా అప్పుడే పుట్టిన పిల్లల మెదడు చాలు, దాన్ని ఉంచుకున్న ల్యాబ్‌లు ఉన్నాయి. వీళ్ళు చూపించిందేమో హెచ్ఈకే అనే, ల్యాబ్‌లో పెంచే కణాల్లో ఆ ప్రోటీన్‌ని దండిగా తయారు చేయించి, ఆ లైసేట్ మీద వచ్చిన బ్యాండ్. అంత ఎక్కువ ఉన్నప్పుడు ఎంత నాసిరకం యాంటీబాడీ అయినా పట్టుకుంటుంది, మెదడులోని వేల ప్రోటీన్ల మధ్య దాన్నొక్కదాన్నే ఏరగలదా అన్నదే ప్రశ్న.

ఇది నా ఒక్కదాని చాదస్తం కాదు. నాడీశాస్త్రానికి సంబంధించిన 65 ప్రోటీన్ల మీద మార్కెట్‌లో ఉన్న 614 యాంటీబాడీలని, ఆ జన్యువు తీసేసిన కణాలు పక్కన పెట్టుకుని పరీక్షించిన పని ఒకటి 2023లో వచ్చింది. రీకాంబినెంట్లు మోనోక్లోనల్స్ కన్నా, పాలీక్లోనల్స్ కన్నా మెరుగ్గా నిలబడ్డాయి, సరిగా పనిచేయనివి కూడా బోలెడు పేపర్లలో వాడేసి ఉన్నాయని తేలింది. ఈ ప్యాక్‌లో కూడా అచ్చం అదే వరస: రీకాంబినెంట్ అయిన సినాప్టోబ్రెవిన్ అన్నింట్లోకి శుభ్రం, పాలీక్లోనల్ అయిన సినాప్టోటాగ్మిన్ అన్నింట్లోకి గజిబిజి. పైగా పాలీక్లోనల్‌తో ఇంకో గొడవ, ఈ లాట్ (ఒక విడతలో తయారైన సరుకు) అయిపోతే వచ్చే లాట్ వేరే కుందేలుది, మళ్ళీ మొదటి నుంచి పరీక్షలు చేసుకోవాలి.

సినాప్టోఫైసిన్ సీసా మాత్రం ప్యాక్ పరువు నిలబెట్టింది. 38 దగ్గర ఒకే వెడల్పాటి బ్యాండ్, చక్కెర గొలుసులు అతుక్కుని ఉండటం వల్ల కొంచెం అలుక్కుపోయినట్టు ఉంటుంది, అది సహజమే. కల్చర్ చేసిన న్యూరాన్ల మీద పెడితే డెండ్రైట్ల (సంకేతం అందుకునే కొమ్మల) వెంబడి చుక్కలు చుక్కలుగా వస్తుంది, కణం మధ్యలో మసక తప్ప ఏమీ ఉండదు. బ్యాక్‌గ్రౌండ్ ఇంత తక్కువ ఉన్న సీసా ఈమధ్య చూడలేదు. 1:1000 అన్నారు, 1:4000కి కూడా బాగానే ఉంది, ఆ లెక్కన చిన్న సీసా అయినా చాలాకాలం వస్తుంది. ఒక్క మాట మర్చిపోవద్దు, ఇది ఉత్తేజపరిచే సినాప్స్‌లోనూ ఉంటుంది, అణచిపెట్టే సినాప్స్‌లోనూ ఉంటుంది, చుక్కలు లెక్కపెట్టి ఏ రకమో చెప్పలేరు. సినాప్టోఫైసిన్ లేని ఎలుకలు చూడటానికి మామూలుగానే బతుకుతాయి, అందుకే దీనికి అసలైన రుజువు చూపించడం కంపెనీలకి సులువు, వీళ్ళు కూడా ఈ ఒక్కదానికి ఆ జన్యువు లేని, పెద్దయిన ఎలుక మెదడుతో చూపించారు. మెచ్చుకోవాల్సిన చోట మెచ్చుకోవాలి కదా.

పీఎస్‌డీ-95 బ్లాట్‌లో బాగుంది, స్టెయినింగ్‌లో (కణాల మీదే యాంటీబాడీ పెట్టి మైక్రోస్కోప్‌లో చూడటంలో) మాత్రం మొదట నిరాశపరిచింది. ఆ ప్రోటీన్ ఉండే చోటు అసలే కిక్కిరిసిన చోటు, పారాఫార్మాల్డిహైడ్‌తో గట్టిగా ఫిక్స్ చేస్తే, అంటే ఉన్నవి ఉన్నచోట బిగించేస్తే, అన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి యాంటీబాడీ లోపలికి చేరలేదు. కాగితంలో 4 శాతంలో 20 నిమిషాలు అన్నారు. అలా చేస్తే మసక. చల్లటి మెథనాల్‌తో ఫిక్స్ చేశాక చుక్కలు పొడుచుకొచ్చినట్టు కనబడ్డాయి. మెదడు ముక్కల మీద అయితే కొద్దిసేపు పెప్సిన్‌తో తెరిపించడం చాలామంది చేసే పని, దాని గురించి కూడా ఒక్క ముక్క లేదు.

అసలు చిక్కు వచ్చేది ఇవతలి ఒడ్డునీ అవతలి ఒడ్డునీ ఒకేసారి చూడాలనుకున్నప్పుడు. సినాప్స్ లెక్కపెట్టాలంటే ఎవరైనా చేసేది ఇదే, సినాప్టోఫైసిన్ ఒక రంగు, పీఎస్‌డీ-95 ఇంకో రంగు, రెండు చుక్కలూ ఆనుకున్న చోట ఒక సినాప్స్ ఉన్నట్టు. మధ్యలో ఉండే సందు 20 నానోమీటర్లే, మామూలు కాన్ఫోకల్ మైక్రోస్కోప్‌కి 200 కన్నా దగ్గరగా ఉన్నవి విడిగా కనబడవు, అందుకే చుక్కలు ఒకదాని మీద ఒకటి సగం ఎక్కినట్టు కనిపిస్తాయి. ఇక్కడ రెండూ ఎలుకవే, రెండూ యాంటీబాడీల్లో ఐజీజీ1 అనే ఒకే ఉపరకమే. సెకండరీ రెండింటినీ ఒకేలా పట్టుకుంటుంది, రంగులు వేరు చేయడానికి వీల్లేదు. కనీసం ఒకటి ఐజీజీ2ఎ అయినా దానికి తగ్గ సెకండరీతో ఎలాగోలా నెట్టుకొచ్చేవాళ్ళం. "సినాప్స్ ప్యాక్" అని పేరు పెట్టి, సినాప్స్‌కి రెండు వైపులా చూడటానికి అందరూ వాడే జంటనే కలిపి వాడలేకుండా చేయడం ఏం తెలివో నాకు అర్థం కాలేదు. కుందేలు సినాప్టోబ్రెవిన్‌తో పీఎస్‌డీ-95ని జత చేశాను, మెథనాల్‌కి అది కూడా సర్దుకుంది, పని జరిగింది, కానీ సినాప్టోబ్రెవిన్ ఆక్సాన్ పొడవునా కొంచెం పరుచుకుని ఉంటుంది, సినాప్టోఫైసిన్ అంత తేటగా చుక్కలు రావు. చుక్కగా లెక్కించే త్రెషోల్డ్ కొంచెం పైకి పెట్టుకోవాల్సి వచ్చింది.

ఈ ప్యాక్ నిజంగా పైసా వసూల్ అనిపించింది సినాప్టోజోమ్‌ల దగ్గర. మెదడుని 0.32 మోలార్ చక్కెర నీళ్ళలో మెత్తగా నూరితే ఆక్సాన్ కొసలు తెగి, మళ్ళీ మూసుకుని, వెసికిల్స్‌ని లోపల పెట్టుకుని చిన్న సంచుల్లా మిగులుతాయి, వాటిని సెంట్రిఫ్యూజ్‌లో వేరు చేస్తారు. 1960ల నుంచి ఉన్న పద్ధతి, ఇప్పటికీ దీన్ని మించింది లేదు. వేరు చేశాక మనకి దక్కింది నిజంగా సినాప్సేనా, లేక మైటోకాండ్రియా, మైలిన్ కలిసిన బురదా అని తెలియాలిగా. మొదటి నూరుడు, మధ్య భాగం, చివరి భాగం పక్కపక్కన వేసి సినాప్టోఫైసిన్, పీఎస్‌డీ-95 పెట్టాను, రెండూ భాగం భాగానికీ పెరుగుతూ వచ్చాయి. ఆ తర్వాత చివరి భాగాన్ని ట్రైటన్ అనే డిటర్జెంట్‌తో కరిగిస్తే సినాప్టోఫైసిన్ మొత్తం పై ద్రవంలోకి వెళ్ళిపోయింది, పీఎస్‌డీ-95 అడుగున ముద్దలోనే ఉండిపోయింది. పుస్తకంలో ఉన్నట్టే. ట్రైటన్‌కి లొంగని ఆ ముద్దే అవతలి ఒడ్డున ఉండే గట్టి ప్రోటీన్ల దిమ్మ. ఈ ఒక్క పనికి ఈ రెండు సీసాలూ చాలు, దీంతో పాటు నాడీకణాలు కాని ఆస్ట్రోసైట్లకి గుర్తుగా జీఎఫ్‌ఏపీ, కేంద్రకానికి గుర్తుగా హిస్టోన్ హెచ్3 మీరే తెచ్చుకుని, అవి తగ్గుతున్నాయని చూపిస్తే రివ్యూయర్ నోరు మెదపడు.

లేనివాటి గురించి కూడా చెప్పాలి. అణచిపెట్టే సినాప్స్‌ల వైపు ఈ ప్యాక్ కన్నెత్తి చూడలేదు. గాబా, గ్లైసిన్ అనే అణచిపెట్టే రసాయనాల రిసెప్టర్లని పట్టి ఉంచే జెఫిరిన్ లేదు, గాబాని వెసికిల్‌లోకి ఎక్కించే వీగాట్ లేదు. పీఎస్‌డీ-95 ఉండేది ఉత్తేజపరిచే సినాప్స్‌లోనే, కాబట్టి దీంతో లెక్కపెట్టి "సినాప్స్‌లు తగ్గాయి" అని రాస్తే అది సగం మాటే. జెఫిరిన్‌కి విడిగా కొనేవాళ్ళు కూడా చూసి కొనండి, స్టెయినింగ్‌కి ఎక్కువగా వాడే 7ఎ క్లోన్ ఫాస్ఫేట్ ఎక్కిన జెఫిరిన్‌నే గుర్తుపడుతుంది, మొత్తాన్ని కాదు. మంక్18 కూడా ఉంటే బాగుండేది. అది లేని ఎలుకల్లో మెదడు మామూలుగానే తయారవుతుంది గానీ ఒక్క వెసికిల్ కూడా రసాయనం వదలదు, పుట్టగానే చనిపోతాయి. అంత ముఖ్యమైన ప్రోటీన్‌ని వదిలేసి సందేహాల సినాప్టోటాగ్మిన్‌ని ఎందుకు పెట్టారో.

ప్యాకింగ్ బాగానే ఉంది, ఐస్ కరగకుండా వచ్చింది. నాలుగు సీసాల్లో గ్లిజరాల్ సగం ఉంది, మైనస్ 20లో కూడా గడ్డకట్టదు, రెండింట్లో లేదు, అయినా అట్ట మీద అన్నింటికీ ఒకే మాట, మైనస్ 20లో పెట్టండి అని. గ్లిజరాల్ లేనివాటిని మాటిమాటికీ గడ్డకట్టించి కరిగిస్తే పాడవుతాయి కాబట్టి రాగానే చిన్న చిన్న ట్యూబుల్లో పంచి పెట్టుకోండి. కస్టమర్ సర్వీస్ వాళ్ళు మర్యాదగా మాట్లాడతారు గానీ మొదటి జవాబు ఎప్పుడూ ఆ కాగితాన్నే మళ్ళీ అటాచ్ చేసి పంపడం. లాట్ నంబర్ రాసి, ఏ భాగాన్ని గుర్తుపడుతుంది, ఏ నమూనాలో పరీక్షించారు అని సూటిగా అడిగితే రెండో మెయిల్‌లో టెక్నికల్ వాళ్ళ దగ్గర నుంచి సరైన సమాచారం వచ్చింది. అదే ముందే అచ్చేస్తే ఏం పోయింది?

ఎవరు కొనొచ్చంటే, పక్కన ఈ ప్రోటీన్ల మీద పనిచేసిన సీనియర్ ఒకరు ఉన్న ల్యాబ్ అయితే నిశ్చింతగా కొనండి, సినాప్టోజోమ్‌లు చేసేవాళ్ళు అయితే తప్పకుండా కొనండి. బొటులినం పని మీద ఉన్నవాళ్ళు, రెండు రంగుల స్టెయినింగ్‌తో సినాప్స్‌లు లెక్కపెట్టాలనుకునేవాళ్ళు దీని జోలికి పోకండి. నేను మళ్ళీ ప్యాక్ తీసుకోను. సినాప్టోఫైసిన్, సినాప్టోబ్రెవిన్, సింటాక్సిన్ ఇదే కంపెనీవి పెద్ద సీసాలు చెప్పాను. పీఎస్‌డీ-95కి ఐజీజీ2ఎ క్లోన్, స్నాప్-25కి మొదటి కొసని పట్టేది వేరే చోట చూస్తున్నాను. సినాప్టోటాగ్మిన్‌కి అయితే, ఆ జన్యువు తీసేసిన ఎలుక మెదడు మీద తీసిన బ్లాట్ చూపించే వరకు ఎవరికీ ఆర్డర్ ఇచ్చేది లేదు.